పాఠకుల ప్రశ్నలు: ‘ఆరాధన అయింది, ఇక వాక్యం’ అనవచ్చునా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఆదివారపు ప్రసంగం గురించే ఉన్నాయి. అందువల్ల ఇతర ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి ఈ ఒక్క విషయానికే శీర్షికను కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యగారికి వందనములు. మా సంఘంలో ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు పాటలు మొదలవుతాయి. గంటసేపు పాటలు, స్తుతులు అయ్యాక నడిపించే సహోదరుడు “ఇంతవరకు ఆరాధించుకున్నాము, ఇక వాక్యం విందాము” అంటారు. సగం మంది ఆ వేళకే వస్తారు. ప్రసంగం ముగియగానే కానుక వేసి వెళ్లిపోయేవారూ ఉన్నారు. ప్రసంగం కూడా ఆరాధనే అని మా అత్తగారు అంటారు. ఆరాధన దేవునికి, ప్రసంగం మనకు అని మా ఆయన అంటారు. ఎవరి మాట సరి? (ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట సరైనది. అయితే మీ భర్తగారి మాట కూడా ఊరికే పుట్టినది కాదు. రొట్టె విరిచే కూటాన్ని ఆరాధన అని, తర్వాత జరిగేదాన్ని వాక్య పరిచర్య అని వేరుగా పిలిచే అలవాటు మన సహోదర (బ్రదరన్) సంఘాలలో చాలాకాలంగా ఉంది. ఆ సంఘాలలో దానికొక కారణం ఉంది: ప్రభురాత్రి భోజనపు బల్ల చుట్టూ కూడినప్పుడు సహోదరులలో ఎవరైనా లేచి స్తుతించవచ్చు, పాట ఎత్తుకోవచ్చు, వాక్య పరిచర్య మాత్రం ఆ పని అప్పగించబడినవారు చేస్తారు. ఆ వేరుపాటు తక్కిన సంఘాలకు వచ్చేసరికి, బల్ల సంగతి జారిపోయి, పాటలకు మాత్రమే ఆరాధన అనే పేరు మిగిలింది. నేను పరిచర్యలో ఉన్న కాలంలోనే, నా కళ్లెదుటే జరిగిన మార్పు ఇది. మాట మారితే మనిషి కూర్చునే తీరు మారుతుంది. పాడేటప్పుడు దేవుని ఎదుట నిలబడ్డామని అనుకునేవారే, ప్రసంగం మొదలవగానే సభలో వక్త ఎదుట కూర్చున్నట్టు కూర్చుంటారు.

లేఖనాలలో ఈ విభజన కనబడదు. నెహెమ్యా గ్రంథం ఎనిమిదవ అధ్యాయం తెరిచి చూడండి. నీటి గుమ్మం ఎదుట ఉన్న మైదానంలో జనమంతా కూడారు. ఎజ్రా కఱ్ఱపీఠం ఎక్కి గ్రంథం విప్పగానే అందరూ లేచి నిలబడ్డారు, ఆమేన్ అన్నారు, తలలు వంచి నేలకు ముఖాలు వంచుకొని యెహోవాకు నమస్కరించారు. తర్వాత లేవీయులు ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివి, అర్థం చెప్పి, జనులకు గ్రహింపు కలిగించారు. విన్నవారు ఏడ్చారు. ఏడవవద్దు, వెళ్లి భోజనం చేయండి, ఏమీ సిద్ధం చేసుకోనివారికి భాగాలు పంపండి అని వారికి చెప్పారు. చదవడం, నమస్కరించడం, అర్థం చెప్పడం, ఏడ్వడం, లేనివారికి పంచిపెట్టడం అన్నీ ఒకే రోజున ఒకే వరుసలో సాగాయి. వీటిలో ఆరాధన ఎక్కడ ముగిసింది, వాక్యం ఎక్కడ మొదలైంది అని గీత గీయడం ఎవరివల్లా కాదు.

మన ప్రభువు నజరేతు సమాజమందిరంలో చేసినదీ అదే. ఆయన యెషయా గ్రంథం చదివి, చుట్టి, పరిచారకునికి ఇచ్చి, కూర్చుని, “నేడు మీ వినికిడిలో ఈ లేఖనము నెరవేరినది” అన్నాడు. చదివిన భాగం ఏ గదిలో, ఏ రోజున, ఎవరి చెవిన పడిందో అక్కడే దానిని నిలబెట్టడం ప్రసంగం పని. అపొస్తలుల తర్వాతి తరాలు కూడా ఆ వరుసనే పాటించాయి. క్రీ.శ. 155 ప్రాంతంలో రోము నగరంలో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి, క్రైస్తవులు ఏం చేస్తారో చక్రవర్తికి వివరిస్తూ ఒక విన్నపం రాశాడు. ఆదివారం అందరూ ఒకచోట కూడతారని, అపొస్తలుల జ్ఞాపకాలనో ప్రవక్తల రాతలనో సమయం ఉన్నంతవరకు చదువుతారని, చదివేవాడు ఆపిన తర్వాత కూటపు పెద్ద ఆ మంచి సంగతులను అనుసరించమని మాటలతో హెచ్చరిస్తాడని, అప్పుడు అందరూ లేచి ప్రార్థిస్తారని, ఆ తర్వాత రొట్టె, ద్రాక్షారసం తెస్తారని, రాలేనివారికి పరిచారకుల చేత పంపుతారని, కలిగినవారు ఇచ్చినది అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి చేరుతుందని అందులో ఉంది. ప్రసంగానికి ముందు లేఖన పఠనం ఉంది, వెనుక ప్రార్థన, బల్ల, బీదలకు సహాయం ఉన్నాయి. ప్రసంగం ఈ రెంటినీ కలిపే వంతెనలా మధ్యలో ఉంది.

మరి ఆ వంతెన మన దగ్గర ఊరంత ఎందుకు పెరిగింది? మధ్యయుగాలలో పశ్చిమ దేశాల గుళ్లలో సామాన్యులకు అర్థంకాని లాటిన్‌లో ఆరాధన సాగి, ప్రసంగం చాలాచోట్ల సన్నగిల్లిపోయింది. పదహారవ శతాబ్దపు సంస్కర్తలు దానిని మళ్లీ లేపి నిలబెట్టారు. వాక్య బోధ, ప్రార్థన లేకుండా సంఘం ఎన్నడూ కూడరాదని లూథర్ 1523లో రాశాడు. అయితే ఆ సంస్కర్తలు బల్లను పక్కకు నెట్టాలని కోరలేదు. ప్రభురాత్రి భోజనం ప్రతివారం జరగాలని కాల్విన్ కోరుకున్నాడు. ఆయన పరిచర్య చేసిన జెనీవా నగర పాలకులు ఏడాదికి నాలుగుసార్లకు మాత్రమే ఒప్పుకున్నారు. అక్కడినుండి మిషనెరీల ద్వారా మనకు అందిన అలవాట్లలో బల్ల ఎక్కువగా నెలకొకసారి వచ్చేదిగా, ప్రసంగం వారంవారం తప్పనిదిగా స్థిరపడింది. దానికి తోడు మన పెద్దలు మొదట విన్న ప్రసంగాలు గుడిలో జరిగినవి కావు. సంతలో, రచ్చబండ దగ్గర, చెట్టుకింద, విశ్వాసం లేనివారిని పిలిచే సువార్త ప్రసంగాలు అవి. ఒంగోలు ప్రాంతంలో కరవు వెళ్లిన తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అక్షరం వచ్చినవారు బహు కొద్దిమంది. అటువంటి సంఘానికి చెవిన పడిన వాక్యమే బైబిలు. ప్రసంగానికి మన మధ్య దక్కిన గౌరవం అక్కడినుండి వచ్చింది, అది న్యాయమైన గౌరవమే. నా బాధ ఒక్కటే: ప్రసంగం ఏ లేఖనం కోసం పుట్టిందో ఆ లేఖనం చదివే సమయమే చిక్కిపోయింది. నేడు అనేక సంఘాలలో ఒకటి రెండు వచనాలు చదివి, బైబిలు మూసి, గంటసేపు మాట్లాడుతున్నారు.

ఇది నేను ఇతరుల మీద వేస్తున్న నింద కాదు. పరిచర్యలోకి వచ్చిన రెండవ సంవత్సరం, ఒక పల్లె సంఘంలో అపొస్తలుల కార్యములు మూడవ అధ్యాయం మీద ప్రసంగించాను. శృంగారమను దేవాలయపు ద్వారం దగ్గర కూర్చున్న కుంటివాని సంగతి అది. యాభై నిమిషాలు మాట్లాడాను. మూడు భాగాలు, ప్రతి భాగానికి మూడు ఉపభాగాలు, వెండి బంగారముల గురించి, ధన వ్యామోహం గురించి, నా చిన్ననాటి సంగతి ఒకటి. ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర ఒక ముసలమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. ఆమెకు చదువు రాదు, చూపు కూడా సరిగా ఆనదు. “అయ్యగారూ, ఆ కుంటివాడు లేచినాక ఎక్కడికి పోయాడు? పిల్లవాడు చదివేటప్పుడు ఏదో వినబడింది గానీ మీరు చెప్పలేదు” అంది. నా దగ్గర జవాబు లేదు. మెట్ల మీదనే బైబిలు తెరిచి ఎనిమిదవ వచనం చదివి వినిపించాను: “నడుచుచు గంతులు వేయుచు దేవుని స్తుతించుచు వారితో కూడ దేవాలయములోనికి వెళ్లెను.” ఆమె “అదీ, గుడిలోకే పోయాడు” అని నవ్వి, కర్ర తీసుకుని ఇంటికి వెళ్లింది. పుట్టింది మొదలు కుంటివాడై, రోజూ గుమ్మం దగ్గరికి మోయబడి అక్కడే పడి ఉన్నవాడు, కాళ్లు రాగానే గుమ్మం దాటి ఆరాధనకు వెళ్లాడు. ఆ భాగానికి గుండెకాయ వంటి మాటను నేను వదిలేశాను, పన్నెండేళ్ల పిల్లవాడు తడబడుతూ చదివినదానిలోనుంచి ఆమె పట్టుకుంది. ఆ రోజునుండి నా ప్రసంగాలు కురచ అయ్యాయి, లేఖన పఠనం పెరిగింది.

కాబట్టి మీ సంఘంలో మాట్లాడగలిగితే ముందు ఆ ప్రకటన మార్చమని అడగండి. “ఇంతవరకు పాడి ఆరాధించాము, ఇప్పుడు విని ఆరాధిద్దాము” అంటే చాలు. రెండవది, వాక్యం చదివేవారికి ఆ భాగం శనివారమే ఇవ్వాలి, ఇంట్లో మూడుసార్లు బిగ్గరగా చదివి రావాలి. గుడిలోకి అడుగుపెట్టాక చీటీ చేతిలో పెడితే, “అర్తహషస్త” అన్న పేరు దగ్గరే చదువరి ధైర్యం పోతుంది, వినేవారి మనసూ పోతుంది. మూడవది, ప్రసంగం తర్వాత కొంతసేపైనా, విన్నదానికి జవాబుగా ప్రార్థించే చోటు ఉండాలి. ప్రకటనలు, పుట్టినరోజు దీవెనలు ఆ చోటును మింగేస్తే, కానుక వేసి వెళ్లిపోయేవారిని తప్పు పట్టడానికి మనకు వీలుండదు.

ప్రశ్న: మా పాస్టరు గారి ప్రసంగం గంటన్నరకు తక్కువ ఉండదు. ఎవరైనా చెబితే, పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగించాడని చూపిస్తారు. ప్రసంగం ఎంతసేపు ఉండాలో వాక్యంలో ఎక్కడైనా ఉందా? (ఖమ్మం నుండి ఒక సహోదరుడు)

జవాబు: లేదు. పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగించినది త్రోయ పట్టణంలో; అది ఆదివారపు నియమం కాదు. మరునాడు బయలుదేరి వెళ్లిపోవలసిన పౌలు, మళ్లీ కనబడతాడో లేదో తెలియని వారితో పలికిన వీడ్కోలు అది. పైగా అపొస్తలుల కార్యములు రాసిన లూకా ఆ సంగతి పౌలు ఓపికను పొగడడానికి రాయలేదు. మేడగదిలో అనేక దీపాలున్నాయని రాశాడు, ఐతుకు అనే యౌవనస్థుడు కిటికీలో కూర్చుని గాఢనిద్రలో మూడవ అంతస్తునుండి పడ్డాడని రాశాడు, పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగి వానిని కౌగిలించుకున్నాడని రాశాడు, తర్వాత రొట్టె విరిచారని రాశాడు. పడిపోయినవాని కోసం మాట ఆపి దిగివచ్చిన బోధకుడు మీ పాస్టరు గారికి మంచి మాదిరి.

కతోలిక సంఘంలో బిషప్పుల మహాసభ అయిన రెండవ వాటికన్ సభ 1963లో, ప్రసంగం ఆరాధన క్రమంలో భాగమే అని, ఆదివారాలలో గట్టి కారణం లేకుండా దానిని మానరాదని నిర్ణయించింది. అయినా 2018లో పోప్ ఫ్రాన్సిస్ ప్రసంగం పది నిమిషాలు దాటరాదని చెప్పారు. మన కన్వెన్షన్లలో గంట కూడా తక్కువే అంటారు. నా లెక్క గడియారానిది కాదు. ప్రసంగం ముగిసేసరికి సంఘానికి ప్రార్థించే శక్తి మిగిలి ఉండాలి. మే నెలలో రేకుల కింద, వారమంతా కోతకు పోయి వచ్చిన తల్లులు చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నచోట, ఆ శక్తి అరగంటకు మించి మిగలదు. గంటన్నర ప్రసంగంలో నుండి “పక్కవారితో చెప్పండి”, “గట్టిగా ఆమేన్ చెప్పండి” అనేవి, రెండోసారి మూడోసారి చెప్పినవి తీసివేసి చూస్తే ఎక్కువసార్లు ఆ అరగంటే మిగులుతుంది. మీ పాస్టరు గారిని ఇంటికి భోజనానికి పిలిచి, నలుగురిలో కాకుండా, ఆయన ప్రసంగంలో మీకు మేలు చేసిన ఒక మాటను ముందు చెప్పి, ఆ తర్వాత ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో ఏ ఆదివారానికి ఏ లేఖన భాగాలో ముందే పట్టికలో ఉంటుంది. పరిశుద్ధాత్మ ఆ రోజు ఇచ్చిన మాట చెప్పాలి గాని అచ్చువేసిన పట్టిక చూసి ప్రసంగించడం ఏమిటని మా స్నేహితులు అంటారు. (ఒక యువకుడు, మెదక్ జిల్లా)

జవాబు: తమ్ముడూ, పట్టిక తయారుచేసిన నాడు పరిశుద్ధాత్మ పని చేయడని ఎందుకు అనుకోవాలి? పట్టిక ఉన్నా లేకపోయినా, బోధకుని ఇష్టానికి లేఖనాన్ని వదలని పద్ధతి ఏదో ఒకటి సంఘానికి ఉండడం మేలు. స్విట్జర్లాండు సంస్కర్త జ్వింగ్లీ 1519 జనవరి 1న జూరిక్ గుడిలో, ఏర్పాటైన భాగాలను విడిచి, మత్తయి సువార్తను మొదటినుండి వరుసగా బోధించడం మొదలుపెట్టాడు. కాల్విన్‌ను 1538లో జెనీవా నుండి వెళ్లగొట్టారు. మూడేళ్ల తర్వాత తిరిగివచ్చి, పోయినప్పుడు ఎక్కడ ఆపాడో ఆ తర్వాతి వచనం నుండి ప్రసంగించాడు. తనను వెళ్లగొట్టినవారి గురించి ఒక ప్రసంగం చేయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆయన దానిని వాడుకోలేదు.

ఇందులో ఉన్న మేలు నాకు ఒక కష్టంలో తెలిసింది. ఒక సంఘంలో యాకోబు పత్రికను వారానికి కొంత చొప్పున బోధిస్తున్నాను. ఐదవ అధ్యాయం వచ్చింది: “మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది.” ముందు వరుసలో భూమి ఉన్న పెద్దలు ఇద్దరు, వెనుక చాపల మీద వారి చేలలో పనిచేసే కుటుంబాలు. ఆ ఏడాది కూలి డబ్బుల గురించి గొడవ నడుస్తోందని ఊరందరికీ తెలుసు. నేను ఆ భాగాన్ని ఏరి తెచ్చి ఉంటే, అయ్యగారు ఒక పక్షం చేరారన్న కోపం న్యాయమే అయ్యేది. వదిలేసి ఏడవ వచనం మీదికి దూకి ఉంటే వెనుక కూర్చున్నవారు గమనించేవారు. వరుసలో వచ్చింది గనుక చదివాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ ఇద్దరిలో ఒకరు క్రిస్మస్ వరకు నాతో మాట్లాడలేదు. రెండవవారు ఆ వారంలోనే బాకీ తీర్చారని తర్వాత తెలిసింది. బోధకుడు తన ఇష్టానికే వదిలితే సంవత్సరమంతా ఆశీర్వాదపు వాగ్దానాల చుట్టూనే తిరుగుతాడు. ఆ తప్పు నేనూ చేసి ఉండేవాణ్ణి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో తెలుగు సంఘానికి వెళ్తున్నాము. పిల్లలకు తెలుగు ప్రసంగం అర్థం కాదు, ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. పిల్లలను ఇంగ్లీషు సంఘానికి పంపి, మేము ఇంట్లో యూట్యూబ్‌లో తెలుగు ప్రసంగం వింటే తప్పా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, యూట్యూబ్‌లో వినడం తప్పు కాదు. మంచం పట్టినవారికి, రాత్రి డ్యూటీ చేసేవారికి అది పెద్ద ఆదరణ. అయితే అందులో బోధకునికి మీరు కనబడరు. మీ ఇంట్లో ఈ వారం ఏం జరిగిందో ఎరిగినవాడు, రేపు మీతో కలిసి రొట్టె విరిచేవాడు చెప్పే మాటకు ఆ తెర సాటి రాదు.

ఇక పిల్లల సంగతి. నెహెమ్యా కాలంలో కూడా, అన్యస్త్రీలను పెండ్లాడిన యూదుల పిల్లలలో సగం మంది యూదా భాష మాట్లాడలేకపోయారని ఆయన గ్రంథం పదమూడవ అధ్యాయం చెబుతుంది. మీది కొత్త కష్టం కాదు. పంజాబులో పుట్టిన భక్త సింగ్ గారి ప్రసంగాలను మన తెలుగు సంఘాలు దశాబ్దాలపాటు తర్జుమాలోనే విన్నాయి. హైదరాబాదులో ఆయన సంఘ కేంద్రమైన హెబ్రోనులో ఆ తర్జుమా వింటూ మారుమనస్సు పొందినవారి కుటుంబాలు నేటికీ ఉన్నాయి. కాబట్టి మాట వేరైనంత మాత్రాన కుటుంబాన్ని రెండు గుళ్లకు విడదీయవద్దు. లేఖనం రెండు భాషలలో చదివించండి, ఇంగ్లీషులో చదివే పని మీ పిల్లలకే ఇవ్వండి. ప్రసంగాన్ని సగానికి తగ్గించి తర్జుమా పెట్టమని సంఘ పెద్దలను అడగండి. చదివే పని తనదైన ఆదివారం ఏ పిల్లవాడైనా ఫోను జేబులో పెడతాడు.

ప్రశ్న: మా పాస్టరు గారికి ఐదు ఊళ్ల సంఘాలు ఉన్నాయి. వచ్చే నెల మా ఊరిలో నన్ను వాక్యం చెప్పమన్నారు. నేను ఇంటర్ చదివాను, డ్రైవరుగా పని చేస్తాను. ఎలా సిద్ధపడాలి? (ప్రకాశం జిల్లా)

జవాబు: నాయనా, భాగం ఏదో ఈ రోజే అడిగి తెలుసుకోండి. ప్రతి రాత్రి ఒకసారి బిగ్గరగా చదవండి, ఇంట్లోవారు వినేలా. మూడవ వారానికి అందులో ఒక మాట మిమ్మల్ని వదలకుండా పట్టుకుంటుంది. దానిని కాగితం మీద ఒక్క వాక్యంగా రాయండి. రాయలేకపోతే ఇంకా చదవాలని అర్థం. పెద్ద ప్రసంగీకుల గొంతును, చేతులు ఊపడాన్ని అనుకరించవద్దు. బంగారు నోరు అని పేరుపొందిన నాల్గవ శతాబ్దపు బోధకుడు యోహాను క్రిసోస్తముకే జనం చప్పట్లు కొట్టేవారు; ఆయన వారిని గట్టిగా మందలించాడు. మీ ఊరివారికి మీరు స్టీరింగ్ దగ్గర మాట్లాడే తెలుగే చాలు. ఆ ఆదివారం భాగమంతా నిదానంగా చదివించి, లేచి, మిమ్మల్ని పట్టుకున్న ఆ మాట చెప్పండి, అది ఆ ఊరిలో ఎవరి గడపను తాకుతుందో పేర్లు ఎత్తకుండా చెప్పండి. ఇరవై నిమిషాలు చాలు. ముగించేటప్పుడు మరొక కథ ఎత్తుకోకుండా కూర్చోండి. ప్రార్థన చేసేవారు ముందే సిద్ధంగా ఉండేలా చూసుకోండి.